గోరంట్ల ఎండకు ఏ ఇన్వర్టర్ బ్యాటరీ బెస్ట్? కొనే ముందు ఈ లెక్క వేసుకోండి

ఏప్రిల్ వచ్చిందంటే గోరంట్ల చుట్టుపక్కల ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే ఫ్యాన్ లేకుండా ఇంట్లో కూర్చోలేం. అందుకే చాలామంది నేరుగా షాపుకెళ్లి "150 ఏహెచ్ బ్యాటరీ ఒకటివ్వండి" అని తెచ్చేసుకుంటారు. రెండేళ్లు తిరక్కముందే నాలుగు గంటల బ్యాకప్ గంటకు పడిపోతుంది. అప్పుడు కంపెనీని తిట్టుకుంటాం. కానీ చాలాసార్లు తేడా మనం వేసుకోని లెక్కలోనే ఉంటుంది. వేలు పోసి కొనే వస్తువు కాబట్టి, ఒక్క పది నిమిషాలు కూర్చుని ఆ లెక్కేంటో చూద్దాం.

ట్రాక్టర్ బ్యాటరీ పెట్టుకోవచ్చా?

పల్లెల్లో ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. పెట్టుకోకండి. ట్రాక్టర్, కారు బ్యాటరీల పని ఇంజన్ స్టార్ట్ చేయడం. కొన్ని సెకన్ల పాటు ఎక్కువ కరెంటు ఇస్తాయి, వెంటనే మళ్లీ ఛార్జ్ అయిపోతాయి. అందుకే వాటిలో పల్చటి ప్లేట్లు ఉంటాయి. రోజూ గంటల తరబడి ఫ్యాన్లు నడిపి ఖాళీ చేస్తే ఆ ప్లేట్లు త్వరగా పాడైపోతాయి. ఇంటికి కావాల్సింది డీప్ సైకిల్ బ్యాటరీ. అంటే నెమ్మదిగా, ఎక్కువసేపు కరెంటు ఇచ్చి, మళ్లీ మళ్లీ ఛార్జ్ అయ్యేది. మన షాపుల్లో "టాల్ ట్యూబులర్" పేరుతో దొరికేది ఇదే.

ముందు లోడ్ లెక్క

కరెంటు పోయినప్పుడు నడవాల్సినవి ఒక కాగితం మీద రాయండి. ఉదాహరణకు:

- మామూలు సీలింగ్ ఫ్యాన్లు 2: 150 వాట్లు
- ఎల్‌ఈడీ బల్బులు 4: 36 వాట్లు
- వైఫై రూటర్: 10 వాట్లు

మొత్తం 196 వాట్లు. నాలుగు గంటలకు 784 వాట్ అవర్లు. ఇన్వర్టర్ కూడా కొంత తింటుంది. దాని సామర్థ్యం 85 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి సుమారు 920 వాట్ అవర్లు లాగాలి. దీన్ని 12 వోల్టులతో భాగిస్తే 77 ఏహెచ్ వస్తుంది.

"అయితే 80 ఏహెచ్ సరిపోతుంది కదా?" అంటే సరిపోదు. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగం వరకే వాడితే ఎక్కువకాలం మన్నుతుంది. కాబట్టి 77కి రెట్టింపు, అంటే 150 ఏహెచ్ దగ్గర కొనాలి.

ఇప్పుడు అదే ఇంట్లో రెండు ఫ్యాన్లనూ 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లుగా మార్చి చూడండి. లోడ్ 106 వాట్లకు పడిపోతుంది. అదే నాలుగు గంటలకు 100 ఏహెచ్ బ్యాటరీ చాలు. పెద్ద బ్యాటరీకి పెట్టే డబ్బులో కొంత ఫ్యాన్ల మీద పెడితే కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది.

ఒక మాట. బోరు మోటారును ఈ లెక్కలో కలపొద్దు. 5 హెచ్‌పీ మోటారు ఒక్కటే సుమారు 3,700 వాట్లు లాగుతుంది, పైగా త్రీ ఫేజ్. ఇంటి ఇన్వర్టర్‌తో అయ్యే పని కాదు.

సీ10, సీ20 అంటే ఏంటి?

స్టిక్కర్ మీద 150 ఏహెచ్ పక్కన చిన్న అక్షరాల్లో ఇది ఉంటుంది. సీ20 అంటే 20 గంటల పాటు మెల్లగా వాడితే 150 ఏహెచ్ వస్తుందని అర్థం. సీ10 అంటే 10 గంటల్లో వాడినా 150 వస్తుంది. వేగంగా లాగేకొద్దీ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇచ్చేది తగ్గుతుంది. మన ఉదాహరణలో బ్యాటరీ మీద సుమారు 19 ఆంపియర్ల భారం పడుతుంది. అంటే సీ20 బ్యాటరీని పరీక్షించే వేగానికి రెట్టింపు దాటినట్టే. కాబట్టి సీ10లో 150 తీసుకోండి, లేదంటే సీ20లో 180కి వెళ్లండి. ధర పోల్చేటప్పుడు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

లిథియం తీసుకోవాలా?

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 80 శాతం వరకు వాడుకోవచ్చు. పై లోడ్‌కి 12.8 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీ సరిపోతుంది. బరువు తక్కువ, నీళ్లు పోసే పని లేదు, ఛార్జింగ్ స్పీడ్, ఆయుష్షు కూడా ఎక్కువే. కానీ మొదటి ఖర్చు ఎక్కువ. మీ పాత ఇన్వర్టర్‌లో లిథియం మోడ్ ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే ఇన్వర్టర్ కూడా మార్చాల్సి రావచ్చు.

రోజూ గంటల తరబడి కోతలుంటే, లేదా రోజూ సోలార్‌తో నడుపుతుంటే లిథియం గిట్టుబాటవుతుంది. అప్పుడప్పుడు పోయే కరెంటుకైతే ట్యూబులర్ చాలు.

మన దగ్గర బ్యాటరీకి రెండు శత్రువులు

మొదటిది వేడి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి దాదాపు 27 డిగ్రీలు అనుకూలం. ఆ పైన ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని బ్యాటరీ రంగంలో ఒక మోటు లెక్క. రేకుల షెడ్డులో, పడమర గోడకు ఆనించి, గాలాడని అల్మారాలో పెడితే మంచి బ్యాటరీ కూడా తొందరగా పోతుంది. ఇంట్లో నీడగా ఉండి, గాలి ఆడే చోట పెట్టండి. లిథియం బ్యాటరీకీ వేడి పడదు. మరీ వేడెక్కితే దాని లోపలి రక్షణ సర్క్యూట్ ఛార్జింగ్ ఆపేస్తుంది.

రెండోది నీళ్లు. అనంతపురం ప్రాంతపు బోరు నీళ్లలో ఉప్పులు, చాలా ఊళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్లు బ్యాటరీలో పోస్తే ప్లేట్లు పాడవుతాయి. మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు కూడా వద్దు, తాగడానికి బాగున్నా వాటిలో ఇంకా లవణాలుంటాయి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. ఎండాకాలంలో నెలకోసారి లెవల్ చూడండి.

సోలార్ కలపాలనుకుంటే

నంబులపూలకుంటలో పెద్ద సోలార్ పార్కు వచ్చిందంటే మన ఎండ బలం తెలుస్తుంది. ఇంటి మీద సుమారు 330 వాట్ల ప్యానెల్ ఒకటి ఉంటే, బాగా ఎండ కాసిన రోజున పై లోడ్‌కి సరిపడా బ్యాటరీ నిండుతుంది. పెద్ద ప్యానెల్‌ను 12 వోల్టుల బ్యాటరీకి కలిపేటప్పుడు ఎంపీపీటీ కంట్రోలర్ వాడండి. మామూలు పీడబ్ల్యూఎం కంట్రోలర్ అయితే ప్యానెల్ పవర్‌లో చాలా భాగం వృథా.

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ సబ్సిడీతో ఆన్‌గ్రిడ్ సోలార్ పెట్టించుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. లైన్ మీద పనిచేసేవాళ్ల భద్రత కోసం, కరెంటు పోగానే అది కూడా ఆగిపోతుంది. కోతల్లోనూ నడవాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ అని ముందే అడగాలి.

షాపులో ఇవి చూడండి

- తయారీ తేదీ: నెలల తరబడి షాపులో పడున్న బ్యాటరీ వద్దు.
- బరువు: ఒకే ఏహెచ్ ఉన్న రెండు ట్యూబులర్ బ్యాటరీల్లో మరీ తేలికగా ఉన్నదాన్ని అనుమానించండి. లోపల సీసం తక్కువ ఉండొచ్చు.
- వారంటీ: "60 నెలలు" అంటే విడగొట్టి అడగండి. 36+24 అయితే మొదటి 36 నెలలే ఉచితంగా మారుస్తారు, తర్వాత కొంత తగ్గింపు మాత్రమే.
- బిల్లు: సీరియల్ నంబర్, తేదీ రాయించుకోండి. వారంటీ కార్డు మీద స్టాంపు వేయించుకోండి.
- పాత బ్యాటరీ: ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయండి. అందులో సీసం, యాసిడ్ ఉంటాయి, పిల్లలు తిరిగే చోట పారేయొద్దు.

చివరగా, ఫ్యాన్లు, లైట్లు మాత్రమే నడవాల్సిన మామూలు ఇంటికి మా ఓటు: బీఎల్‌డీసీ ఫ్యాన్లు, సీ10 రేటింగ్ ఉన్న టాల్ ట్యూబులర్, నీడలో ఒక మూల. షాపతను "ఎంత ఏహెచ్ కావాలి?" అని అడిగేలోపు మీ లోడ్ కాగితం జేబులో ఉంటే చాలు, సగం పని అయిపోయినట్టే.