గ్యాప్‌లో ఉన్నారా? ఒకసారి నల్లగొండ బస్సెక్కండి

క్యాంపస్‌లో సెలెక్ట్ కాలేదు. ఆఫ్ క్యాంపస్ మెయిల్స్‌కి జవాబు లేదు. నోటిఫికేషన్ ఇదిగో, అదిగో అంటున్నారు, పడట్లేదు. ఇంట్లో కంచం ముందు కూర్చోవాలన్నా మొహమాటం. మీ పరిస్థితి ఇదే అయితే నాకు తెలుసు. బీటెక్ అయ్యాక నేనూ పద్నాలుగు నెలలు ఇలాగే గడిపాను.

అప్పుడు నా రూమ్మేట్ గ్రూప్స్‌కి చదువుతున్నాడు. ఒకరోజు తెలంగాణ చరిత్ర నోట్స్‌లోంచి తలెత్తి, ‘రుద్రమదేవి మరణం చెప్పే చందుపట్ల శాసనం మన నకిరేకల్ పక్కనే కదరా, పోదామా?’ అన్నాడు. రెండు రోజులు తిరిగాం. ఇద్దరికీ కలిపి రెండు వేలు దాటలేదు. తెలంగాణ అమ్మాయిలకైతే ఇప్పుడు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టే లేదు. ఆధార్ పెట్టుకుంటే చాలు.

ఎల్బీ నగర్ నుంచి నల్లగొండ దాదాపు వంద కిలోమీటర్లు. పట్టణాన్ని ఆనుకునే పానగల్లు ఉంది. కందూరు చోళుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయం అక్కడే. ఇంజినీరింగ్ చదివినవాళ్లు తీరిగ్గా నిలబడి చూడాల్సిన గుడి ఇది. గర్భగుడి గోడ మీద స్తంభం లాంటి నీడ ఒకటి పడుతుంది. పగలంతా సూర్యుడు కదులుతూనే ఉంటాడు, నీడ మాత్రం కదలదు. నేరుగా ఎండ లోపలికి రాదు కాబట్టి ఇది సాధ్యమైంది. చెదిరి లోపలికొచ్చే వెలుగుకు మండపం స్తంభాలు అడ్డుపడి, ఆ నీడ ఒకేచోట నిలుస్తుంది. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ లేని రోజుల్లో కట్టారు మరి!

చందుపట్లకు వెళ్లేటప్పుడు జాగ్రత్త. ఇదే పేరుతో భువనగిరి దగ్గర ఇంకో ఊరుంది. మీకు కావాల్సింది నకిరేకల్ మండలంలోది. మా ఫోన్‌లో మ్యాప్ మమ్మల్ని ఒక పొలం గట్టు మీద వదిలేసి ‘చేరుకున్నారు’ అంది. అక్కడున్న పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, ‘ఎవలు బిడ్డా, రోడ్డు సర్వేకొచ్చిండ్రా?’ అనడిగాడు. శాసనం కోసమంటే పని ఆపి, తనే దారి చూపించాడు.

రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి భూమి దానం చేశాడని 1289 నాటి ఆ రాయి చెబుతుంది. అంతకుముందు పుస్తకాల్లో రుద్రమ 1295 దాకా ఏలిందని ఉండేది. ఈ ఒక్క రాయి ఆ లెక్క మార్చింది. నోట్స్‌లో ఒక మార్కు బిట్‌గా చూసినదాని ముందు నిలబడితే మావాడు చాలాసేపు మాట్లాడలేదు.

రాత్రికి సూర్యాపేట చేరాం. మర్నాడు పొద్దున్నే పక్కనున్న పిల్లలమర్రి. అక్కడి ఎరకేశ్వరాలయాన్ని 1208లో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ కట్టించింది. తర్వాత తిరుమలగిరి వైపు ఫణిగిరి. పాము పడగలా ఉండే కొండ, దాని మీద బౌద్ధ స్తూపం, విహారాల శిథిలాలు. ఇక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లాయి. 2024లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. మేం వెళ్లిన రోజు మాత్రం కొండ మీద మేమిద్దరమే, కాసిని మేకలు.

ఇంతకీ కెరీర్ పేజీలో ఈ గోల ఎందుకంటారా? వచ్చాక మేం చేసిన పని వల్ల. మ్యాప్‌లో తప్పు పిన్ సరిచేశాం. ఫొటోలు వికీమీడియా కామన్స్‌లో పెట్టాం. తెలుగు వికీపీడియా వ్యాసాల్లో లోటున్నచోట నింపాం. మూలం చూపకుండా రాస్తే తీసేస్తారని, చూపించడం ఎలాగో అక్కడే నేర్చుకున్నాను. తర్వాతి ఇంటర్వ్యూలో ‘ఈ గ్యాప్‌లో ఏం చేశారు?’ అంటే మొదటిసారి నసగకుండా ల్యాప్‌టాప్ తిప్పి చూపించాను. ఆ ఉద్యోగం రాలేదు! ఆ తర్వాతిది వచ్చింది, అదీ టెస్టింగ్‌లో. శాసనాలకూ దానికీ సంబంధం లేదు. కానీ రాసింది ఒకటికి రెండుసార్లు సరిచూసుకునే అలవాటుకు ఉంది.

పర్యాటక రంగంలోకే వెళ్లాలనుంటే నెల్లూరులో ఐఐటీటీఎం క్యాంపస్, హైదరాబాద్‌లో నిథమ్ ఉన్నాయి. అయితే గైడ్ సర్టిఫికెట్ తెచ్చుకుని నేరుగా ఫణిగిరిలో కూర్చుంటే ఇవాళ పూట గడవదు. అక్కడికి వచ్చే జనమే తక్కువ. రావాలంటే ముందు సరైన దారి, చదవడానికి నాలుగు ముక్కలు, మంచి ఫొటో ఉండాలి. అవి లేని ఊళ్లు మీ జిల్లాలోనూ ఉంటాయి.

వెళ్తే శాసనం అక్షరాల్లో సుద్ద, పిండి రుద్దకండి, రాయి పాడవుతుంది. పొద్దునో సాయంత్రమో ఏటవాలు ఎండలో తీయండి. ఎండ లేకపోతే పక్కనుంచి టార్చి వేయండి, అక్షరం దానంతటదే లేచి కనిపిస్తుంది. ఫణిగిరి ఎక్కే ముందు రెండు బాటిళ్ల నీళ్లు పెట్టుకోండి. తిరుగు బస్సు ఎన్నింటికో దిగేటప్పుడే కండక్టర్‌ని అడగండి. మేం అడగలేదు. తిరుమలగిరి దాకా ట్రాక్టర్ మీదే వెళ్లాల్సొచ్చింది.