బుగ్గల మీద సీతాకోకచిలుక... కిడ్నీల మీద తోడేలు!

మన సినిమాల్లో హీరోయిన్‌కి జబ్బు చేస్తే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? రెండుసార్లు దగ్గుతుంది. రుమాలు మీద ఎర్రటి మరక! డాక్టరుగారు కళ్లజోడు తీసి తల అడ్డంగా ఊపుతారు. వెంటనే ఒక విషాద గీతం. అంతే!

కానీ నిజమైన జబ్బులు మన రచయితలు రాసినట్టు రావు. ఒక జబ్బుందండీ... పెద్ద బహురూపి. ఒకరి దగ్గర కీళ్లనొప్పి వేషం, మరొకరి దగ్గర జ్వరం వేషం, ఇంకొకరి దగ్గర జుట్టు రాలే వేషం. పేరు లూపస్. లాటిన్ భాషలో ఆ మాటకు తోడేలు అని అర్థం. ముఖం మీద పడే మచ్చలు తోడేలు కొరికినట్టున్నాయని పాతకాలపు వైద్యులు పెట్టిన పేరు.

హాలీవుడ్ తార, గాయని సెలీనా గోమెజ్ మీ అందరికీ తెలిసిన అమ్మాయే. తనకు లూపస్ ఉందని 2015 లో బయటపెట్టింది. 2017 సెప్టెంబరులో ఒక ఫొటో విడుదల చేసింది. పక్కపక్కనే రెండు ఆసుపత్రి మంచాలు, వాటి మీద చేతులు కలుపుకున్న ఇద్దరు అమ్మాయిలు. ఒకరు సెలీనా. రెండో అమ్మాయి ఆమెకు తన కిడ్నీ ఇచ్చిన స్నేహితురాలు, నటి ఫ్రాన్సియా రైసా! అప్పటికి సెలీనాకు పాతికేళ్లే. డబ్బుంది, పేరుంది, కోట్లాది అభిమానులున్నారు. అయినా తోడేలు వదల్లేదు.

మన సమంత సంగతి వేరు. 2022 అక్టోబరులో చేతికి సెలైన్‌తో 'యశోద' డబ్బింగ్ చెబుతున్న ఫొటో పెట్టి, తనకు మయోసైటిస్ అని చెప్పింది. అది లూపస్ కాదు కానీ దానికి దగ్గరి చుట్టం. అక్కడ దెబ్బ ముఖ్యంగా కండరాల మీద.

ఇంతకీ అసలు జరిగేదేమిటి? మన ఒంట్లో రోగనిరోధక శక్తి అనే కాపలాదారు ఉంటాడు. బయటినుంచి వచ్చే సూక్ష్మజీవుల్ని తరిమికొట్టడం వాడి పని. లూపస్‌లో వాడు ఇంటివాళ్లనే దొంగలనుకుని కర్ర ఎత్తుతాడు! ఎందుకలా? వంశపారంపర్యం కొంత, హార్మోన్లు కొంత, ఎండ కొంత. ఇదీ అని ఒక్క కారణం లేదు. పదిమంది రోగుల్లో సుమారు తొమ్మిదిమంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్ల లోపు వాళ్లే. ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చున్నా, కలిసి తిన్నా రాదు.

ఆ మధ్య నెల్లూరు జిల్లా తీరంలో మైపాడు వైపు వెళ్లినప్పుడు ఒకమ్మాయిని కలిశాను. పేరు రాయొద్దంది, రాయను. ఇసుకలో ఎండు చేపలు ఆరబెట్టే ఇంటి పిల్ల. మొదట ముక్కుకి అటూ ఇటూ బుగ్గల మీద ఎర్రగా, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా కందింది. "ఎండకి కమిలిందిలే" అంది వాళ్లమ్మ. ఎండ మచ్చల్ని రేపిన మాట నిజమే, కానీ అసలు కారణం ఎండ కాదు! తర్వాత వేళ్ల కీళ్లు పట్టేశాయి. మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని మింగింది. నెలలు గడిచాక నెల్లూరులో ఒక డాక్టరు రక్తం, మూత్రం పరీక్షించి లూపస్ అని తేల్చారు. స్టెరాయిడ్ బిళ్లలు మొదలయ్యాయి. జ్వరం తగ్గింది, నొప్పులు తగ్గాయి. కానీ ముఖం గుండ్రంగా ఉబ్బింది.

"హీరోయిన్‌లాగుంటావే అనేవాళ్లన్నా నన్ను. ఆ బిళ్లలేసుకున్నాక అద్దం చూసుకోబుద్ధి కాలా. పెళ్లిలో ఫొటోకి కూడా నిలబళ్లా. అందుకే మానేసినా. ఇంట్లో ఎవురికీ చెప్పలా" అంది.

రెండు నెలలు తిరక్కుండానే పాదాలు వాచాయి. తెల్లారేసరికి కళ్ల కింద ఉబ్బు. మూత్రంలో నురగ!

ఆ నురగ కథ వినండి. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల సన్నటి జల్లెడలుంటాయి. వాటిని చేపల వలలనుకోండి. చెత్త నీరు కిందికి పోవాలి, ప్రొటీన్ అనే మంచి చేప వలలోనే ఉండాలి. లూపస్‌లో దారితప్పిన యాంటీబాడీలు గుంపుకట్టి ఆ వలలో చిక్కుకుని వాపు పుట్టిస్తాయి. వలకి చిల్లులు పడతాయి. ప్రొటీన్ మూత్రంలోకి జారిపోతుంది. అదే నురగ. ఒంట్లో నీరు నిలిచిపోతుంది. అదే వాపు. రక్తపోటు పెరుగుతుంది. పట్టించుకోకపోతే చివరికి డయాలసిస్, లేదా కిడ్నీ మార్పిడి. లూపస్ ఉన్న పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి ఏదో ఒక దశలో కిడ్నీల బాధ తప్పదు. మొదట్లో కిడ్నీ నొప్పి పెట్టదు, అదే దీని మోసం!

కిడ్నీలతో ఆగదు. గుండె చుట్టూ, ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న పొరలు వాచి, గాలి పీలిస్తే పొడిచినట్టుంటుంది. రక్తం తగ్గుతుంది. కొందరిలో రక్తం గడ్డకట్టి గర్భస్రావాలవుతాయి. మెదడుకి తగిలితే ఫిట్స్ కూడా రావచ్చు.

మరి దారి లేదా? ఎందుకు లేదూ! 1950 ప్రాంతంలో ఈ జబ్బు బయటపడ్డాక నాలుగేళ్లు బతికినవాళ్లు సుమారు సగం మందే. ఈనాడు వైద్యం సరిగా అందినవాళ్లలో అత్యధికులు పదేళ్లు దాటి హాయిగా ఉంటున్నారు. మలేరియాకి వాడిన హైడ్రాక్సీక్లోరోక్విన్ ఈ జబ్బుకి వెన్నెముకలాంటి మందు. కాకపోతే అది వాడేవాళ్లు కళ్ల పరీక్ష మానకూడదు. కిడ్నీకి తగిలితే చిన్న ముక్క తీసి బయాప్సీ చేసి, ఎంత దెబ్బతిందో చూసి మైకోఫినోలేట్ వంటి మందులిస్తారు. 2011 లో బెలిముమాబ్ అనే కొత్త ఇంజెక్షన్ కూడా వచ్చింది.

మన అమ్మాయికీ బయాప్సీ చేశారు. అదృష్టం, వల పూర్తిగా చిరగలేదు. మళ్లీ మందులు పట్టింది. ప్రొటీన్ పోవడం తగ్గింది. స్టెరాయిడ్ మోతాదు డాక్టరే మెల్లమెల్లగా దించుతుంటే ముఖం కూడా దారికొస్తోంది. ఇప్పుడు ఎండలోకి వెళితే గొడుగు, నిండు చేతుల జాకెట్టు. ఎండు చేప మాత్రం బంద్! అందులో ఉప్పు రక్తపోటుకి పగ. "అదొక్కటే కష్టంగా ఉండాదన్నా" అని నవ్వింది.

సెలీనా కూడా 2023 లో అభిమానులకిదే చెప్పింది. మందులు వేసుకుంటే ఒంట్లో నీరు చేరి లావవుతానని, అయినా ఆరోగ్యమే తనకు ముఖ్యమని. లక్షల డాలర్ల ముఖం ఉన్న తారే ఆ మాటంటే, మనకేమిటండీ నామోషీ?

అందుకని చెల్లెళ్లూ, తమ్ముళ్లూ! బుగ్గల మీద తగ్గని ఎరుపు, వారాల తరబడి కీళ్లనొప్పి, కారణం తెలియని జ్వరం, నోట్లో పుళ్లు, కాళ్లవాపు... వీటిలో రెండు మూడు కలిసొస్తే నొప్పి బిళ్లలు, పసరు మందులు కట్టిపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూత్ర పరీక్ష చేయమని అడగండి. దాని ఖర్చు ఒక సినిమా టిక్కెట్టు పాటిది! మందులు మొదలుపెడితే మాత్రం డాక్టరు చెప్పకుండా మానొద్దు. స్టెరాయిడ్లు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. ఇంకొక్క మాట... ముఖం ఉబ్బిన స్నేహితురాలిని చూసి నవ్వకండి. మీ నవ్వు ఆమె చేతిలో బిళ్లని కింద పడేయించగలదు.