ఫోను ఇచ్చాం సరే, పాఠం అందిందా?

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో బడులు మూతపడిననాడు ఆరో తరగతిలో ఉన్న పిల్ల 2021లో ఎనిమిదో తరగతికి వచ్చింది. మధ్యలో కొన్ని నెలలు బడికి వెళ్లింది, 2021 ఏప్రిల్ నుంచి మళ్లీ ఇంట్లోనే ఉండిపోయింది. రెండేళ్లూ పరీక్షలు లేకుండానే పై తరగతికి పంపాం. రిజిస్టరులో తరగతి పెరిగింది గానీ భిన్నాలు, రుణ సంఖ్యలు, ఇంగ్లీషు వాక్యం ఆగినచోటే ఆగిపోయాయి. 2021 ఆగస్టు 16న బడులు తెరుస్తామని ప్రభుత్వం చెప్పింది. ఆ అవసరం రాకూడదు గానీ బడులు మళ్లీ మూస్తే ఇంట్లో ఏం చేయవచ్చో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

"మేము చదువుకోలేదు టీచర్, పిల్లలకి ఏం చెప్పగలం?" గురజాలలో తల్లుల నోట మేము ఎక్కువగా వినే మాట ఇది. పాఠం చెప్పడం మా పని. మీరు చూడాల్సింది ఫోను ఎవరి చేతికి ఎప్పుడు వస్తోందో, పిల్లవాడు విన్నది వాడికి అర్థమైందో లేదో.

రోజంతా ఫోను ముందు కూర్చుంటేనే చదువు అనుకోవద్దు. 2020 జులైలో కేంద్రం 'ప్రజ్ఞాత' పేరుతో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఎనిమిదో తరగతి వరకు రోజుకు రెండు క్లాసులే, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు. అంటే గంటన్నరకు మించదు. మిగతా పనంతా పుస్తకంతోనూ, కలంతోనూ. ఆ గంటన్నరైనా తలుపు వేసుకున్న గదిలో కాకుండా నలుగురూ తిరిగే చోట కూర్చోబెట్టండి. కెమెరా ఆపేసి ఆటలోకి దూరే విద్య మన పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు!

అబ్బా పిడుగురాళ్ల సున్నం బట్టీకో, పొలానికో ఫోను పట్టుకుపోతే? రాత్రి ఇషా తర్వాత అది ఇంటికి వస్తుంది కదా. పాఠ్యపుస్తకంలో ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను 'దీక్ష' యాప్‌తో చూపిస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు వస్తాయి. ఒకసారి డౌన్‌లోడ్ చేసి పెడితే నెట్ లేకుండా ఫజర్ తర్వాత, ఇల్లు ప్రశాంతంగా ఉన్నప్పుడు చూసుకోవచ్చు. గుంపులో పంపిన పని కూడా అప్పుడే నోటుబుక్కులోకి ఎక్కించుకోవాలి.

ఇక అసలు సంగతి. ఇంట్లో ఫోను ఒకటి, పిల్లలు ఇద్దరు. ఫోను అబ్బాయికి వెళుతోంది, అమ్మాయికి చీపురు, పొయ్యి. ఇది కావాలని చేస్తున్నారని మేము అనం, తెలియకుండానే జరిగిపోతోంది. కానీ ఏడాదిన్నర ఇలా గడిస్తే పదమూడేళ్ల పిల్ల వెనకబడుతుంది, వెనకబడిన పిల్ల బడి తెరిచాక నేను వెళ్లనంటుంది, ఇంట్లోవాళ్లు కూడా 'ఇక చాల్లే' అంటారు. ఆ తర్వాత వచ్చేది సంబంధం. ఎవరికి ఏ వేళ ఫోనో కాగితం మీద రాసి గోడకు అంటించండి. చిన్నపనే, కానీ ఆ పిల్ల వంతు ఎవరూ లాక్కోలేరు.

మన ఇళ్లలో మాట ఉర్దూ, పాఠం తెలుగులోనో ఇంగ్లీషులోనో. దీన్ని లోటుగా కాక సాధనంగా వాడుకోండి. క్లాసు అయ్యాక "ఆజ్ టీచర్ క్యా బోలే?" అని అడిగి, ఇంటి మాటలోనే చెప్పించండి. అర్థమైన పిల్ల చెబుతుంది. కానిది నసుగుతుంది, లేదా పుస్తకంలో వాక్యాన్ని అప్పజెబుతుంది. తేడా కనిపెట్టడానికి తల్లికి చదువు అక్కర్లేదు. నసిగిన చోట పేజీ మూల మడిచి, మాకు వాయిస్ మెసేజ్ పెట్టించండి.

లెక్కలకు వంటిల్లు చాలు. గ్లాసు బియ్యానికి గ్లాసున్నర నీళ్లు పోస్తే, చుట్టాలొచ్చి నాలుగు గ్లాసులు వండినప్పుడు ఎన్ని నీళ్లు? ఆరు. బోర్డు మీద మేము అనుపాతం అని రాసేది ఇదే. దుకాణంలో 50 రూపాయల ఖాతా ఉండి 30 కడితే ఇంకా 20 అప్పే. రుణ సంఖ్య అంటే బెదిరే పిల్లలు అప్పంటే బెదరరు.

కాలేజీలు మూసినప్పుడు ఇంట్లో ఉండే డిగ్రీ పిల్లలు ప్రతి వీధిలోనూ ఉంటారు. అసర్‌కీ మగ్రిబ్‌కీ మధ్య ఒక ఆపా వరండాలో, మాస్కులతో, నలుగురైదుగురు పిల్లలను కూర్చోబెట్టుకున్నా ఎంతో మేలు. పిల్లలు చేసిన పనికి తేదీలు వేయించండి. బడి తెరిచిన మొదటి రోజు ఆ పుస్తకాలు పంపండి. మడిచిన పేజీల దగ్గర్నుంచి మేము మొదలుపెడతాం.