శ్రోతల అండతో స్వతంత్ర ప్రస్థానం: అమెరికానా గాయకుడు జాన్ ప్రైన్

అమెరికాలోని షికాగో నగర శివార్లలో ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఒక తపాలా ఉద్యోగి, ఆ నడకలోనే మనసులో పాటలు కట్టుకునేవారు. ఆయనే జాన్ ప్రైన్. పెద్ద రికార్డు కంపెనీలను వదిలి, శ్రోతలు ముందుగా పంపిన సొమ్ముతో ఆల్బమ్ వెలువరించిన ఆయన, అమెరికానా సంగీతంలో స్వతంత్ర కళాకారులకు మార్గదర్శకుడయ్యారు.

అమెరికానా అంటే ఏమిటి?

జానపదం, కంట్రీ, బ్లూస్, గాస్పెల్, రాక్ వంటి అమెరికా సంగీత రీతుల కలయికను అమెరికానా అంటారు. తమ పాటలను తామే రాసి, స్వరపరచి, గిటారుపై పాడే గాయకులకు ఇందులో విశిష్ట స్థానం ఉంది. 2010 నుంచి గ్రామీ పురస్కారాలలో దీనికి ప్రత్యేక విభాగం ఏర్పడింది.

ఉత్తరాల సంచి నుంచి వేదిక వరకు

1946లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని మేవుడ్‌లో జన్మించిన ప్రైన్, కొంతకాలం సైన్యంలోనూ పనిచేశారు. 1970లో ఒక చిన్న క్లబ్బులో ఆయన పాట విన్న ప్రముఖ సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్, షికాగో సన్-టైమ్స్ పత్రికలో ప్రశంసిస్తూ రాశారు. మరుసటి ఏడాది అట్లాంటిక్ సంస్థ ఆయన తొలి ఆల్బమ్‌ను విడుదల చేసింది. యుద్ధం నుంచి మత్తుమందుల వ్యసనంతో తిరిగివచ్చిన సైనికుడు, ఒంటరితనంలో మిగిలిన వృద్ధులు ఆ పాటల్లో కనిపిస్తారు. విమర్శకులు మెచ్చుకున్నా, అమ్మకాలు మాత్రం పరిమితంగానే సాగాయి.

సొంత సంస్థ ఎందుకు?

సాధారణంగా రికార్డింగు ఖర్చును కంపెనీ భరిస్తుంది. అందుకు ప్రతిగా మాస్టర్ రికార్డింగుపై యాజమాన్య హక్కును తన వద్దే ఉంచుకుంటుంది. పెట్టిన ఖర్చు రాబట్టుకున్న తరువాతే గాయకుడికి రాయల్టీ అందుతుంది. అట్లాంటిక్, అసైలమ్ సంస్థలకు ఏడు ఆల్బమ్‌లు చేసిన ప్రైన్, 1981లో మేనేజర్ అల్ బునెట్టాతో కలిసి ‘ఓ బాయ్ రికార్డ్స్’ను స్థాపించారు. ఆల్బమ్ సిద్ధం కాకముందే అభిమానులు తపాలాలో చెక్కులు పంపారు. ఒకప్పుడు ఉత్తరాలు పంచిన వ్యక్తికి అదే తపాలా పెట్టుబడిని చేర్చింది. ఆ సొమ్ము అండతో ‘ఎయిమ్‌లెస్ లవ్’ 1984లో వెలువడింది.

ఈ మార్గంలో నష్టభయం కూడా ఉంది. ప్రచారం, పంపిణీ, అప్పు బాధ్యత అన్నీ కళాకారుడే మోయాలి. అయితే ఎప్పుడు పాడాలో, ఏమి పాడాలో నిర్ణయించే అధికారం ఆయనకే దక్కుతుంది.

ఆలస్యంగా వచ్చిన ఆదరణ

1991లో వచ్చిన ‘ది మిస్సింగ్ ఇయర్స్’ ఆయనకు గ్రామీ పురస్కారం తెచ్చింది. 1998లో మెడ క్యాన్సర్‌కు జరిగిన చికిత్సతో గొంతు గరుకెక్కి, స్థాయి తగ్గింది. ప్రైన్ ఆ మారిన గొంతుతోనే మళ్లీ వేదికనెక్కారు. 2005 నాటి ‘ఫెయిర్ అండ్ స్క్వేర్’ మరో గ్రామీని అందించింది. 2018లో, 71 ఏళ్ల వయసులో విడుదల చేసిన ‘ది ట్రీ ఆఫ్ ఫర్‌గివ్‌నెస్’ బిల్‌బోర్డ్ 200 జాబితాలో 5వ స్థానానికి చేరింది. పెద్ద కంపెనీలతో ఉన్నప్పుడు కూడా ఆయనకు అంతటి స్థానం దక్కలేదు.

2020 ఏప్రిల్ 7న నాష్‌విల్‌లో కొవిడ్-19 కారణంగా ప్రైన్ కన్నుమూశారు. ఆయన వయసు 73 ఏళ్లు. ఓ బాయ్ రికార్డ్స్ బాధ్యతను కుటుంబ సభ్యులు స్వీకరించారు. ఆయన పాటలతో పాటు, కొత్త గాయకుల ఆల్బమ్‌లను కూడా ఆ సంస్థ వెలువరిస్తోంది.