చెప్పుకోలేని జబ్బు

ట్యాంకరు వస్తేగానీ బిందె నిండని ఊళ్ళో ఒక కోడలు గంటసేపు చేతులు కడుక్కుంటే, ముందు మొదలయ్యేది వైద్యం కాదు, నీళ్ళ తగువు. అత్త అరుస్తుంది, మొగుడు విసుక్కుంటాడు. కొన్నాళ్ళకు ఆమె అవస్థ చూడలేక తోటికోడలే చెంబుతో నీళ్ళు పోస్తుంది. ప్రేమతో చేసే ఆ సర్దుబాటు వల్లే జబ్బు ఇంకా ముదురుతుంది.

ఈ జబ్బు పేరు ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్). ఆ పేరు వినగానే మనకు 2017 నాటి 'మహానుభావుడు' సినిమా, అందులోని అతిశుభ్రం గుర్తొస్తాయి. బయటికి కనపడని రకాలు వేరే ఉన్నాయి. పూజలో కళ్ళు మూసుకుంటే దేవుడి మీద బూతు మాట మెదులుతుంది. కూర తరుగుతున్న తల్లికి, పక్కన ఆడుకునే పసివాణ్ణి చూసి 'వీణ్ణి నేనే ఏమైనా చేసేస్తానేమో' అన్న ఊహ వస్తుంది. ఆమె ఆ పని కోరుకోవడం లేదు. ఆ ఊహకే వణికిపోయి కత్తిపీటను అటకెక్కిస్తుంది. ఎవరికైనా చెబితే బిడ్డను తన దగ్గర ఉంచరేమోనని భయం. డబ్బు, దూరం తరవాతి సంగతి. వైద్యానికి మొదటి అడ్డం ఈ సిగ్గూ భయాలేనని నేను నమ్ముతాను.

దిష్టి తీయించుకునేవాళ్ళను, తాయెత్తు కట్టించుకునేవాళ్ళను నేను తప్పుపట్టను. కష్టం వినే మనిషి ఊళ్ళో అక్కడే దొరుకుతాడు. చేతులు పగిలి నెత్తురొస్తే చర్మం డాక్టరు దగ్గరికి వెళతారు. ఆయన పూతమందు రాసి పంపిస్తే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. ఇక హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి గేటు దాటాలంటే, పెళ్ళికెదిగిన పిల్లలున్న ఇల్లు పదిసార్లు ఆలోచిస్తుంది.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, మానసిక రుగ్మతలున్నవారిలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు.

చికిత్స మొదలెట్టినా తొందర చెడగొడుతుంది. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటి మాత్రల గుణం ఈ జబ్బులో సరిగా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. మూడోవారానికే 'పనిచేయలేదు' అని ఆపేస్తారు. భయపడే వస్తువును ముట్టుకుని, కడుక్కోకుండా ఓర్చుకోవడాన్ని మెట్టుమెట్టుగా నేర్పే చికిత్స కూడా బాగా పనిచేస్తుంది. అది నేర్పగల సైకాలజిస్టులు ఎక్కువగా నగరాల్లోనే ఉన్నారు. కూలికెళ్ళే ఇంట్లో ఒక్కసారి వెళ్ళొస్తే రోగి కూలీ, తోడొచ్చినవారి కూలీ రెండూ పోతాయి, పైన బస్సు చార్జీలు. అలా ఎన్ని వారాలు తిరగగలరు?

2022 అక్టోబరులో మొదలైన, మానసిక సమస్యలకు సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అయితే నోరు తెరవలేని మనిషి తనంతట తాను ఫోన్ చేయడం కష్టం. బీపీ, షుగరు కోసం గడప గడపకూ వచ్చే ఆశా కార్యకర్త, 'వద్దనుకున్నా పదేపదే వచ్చి వేధించే ఆలోచన ఏదైనా ఉందామ్మా?' అని ఒక్కమాట అడగాలి. ఆ జవాబు విని ఉలిక్కిపడకుండా ఉండేలా ముందు ఆమెకు శిక్షణ ఇవ్వాలి.