గిటారు మెడలో ఉక్కు కడ్డీ

తీగను బిగించి మీటినచో అది కంపించి నాదము నిచ్చును. బిగువు హెచ్చిన కొలది శ్రుతియు హెచ్చును. ఇది ఉన్నత పాఠశాల విద్యార్థులందరికిని తెలిసినదే. కాని ఆ తీగ తన రెండు కొనలను పట్టియున్న కొయ్యను కూడ అంతే బలముతో లాగుచుండునను సంగతి సాధారణముగా ఎవరి దృష్టికిని రాదు. ఈ లాగుడును ఎదుర్కొనుటకే విద్యుత్ గిటారు మెడలో ఒక ఉక్కు కడ్డీని అమర్చుదురు. దీనికి 'ట్రస్ రాడ్' అని పేరు. వాద్యము చక్కగా పలుకుట చాలవరకు దీనిపై ఆధారపడియుండును.

తీగలు ఎంత బలముతో లాగును?

తీగ పౌనఃపున్యము దాని పొడవు, బరువు, తన్యతలపై ఆధారపడునని ఫ్రాన్సు దేశీయుడగు మెర్సెన్ 1636లో ప్రకటించెను. ఆ సూత్రమునుండి తన్యతను లెక్కింపవచ్చును. పొడవును, పౌనఃపున్యమును గుణించి, రెట్టింపు చేసి, వర్గము కట్టి, దానిని ఒక మీటరు తీగ ద్రవ్యరాశిచే గుణించినచో తన్యత వచ్చును.

ఫెండరు గిటారులో కంపించు తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. అన్నిటికంటె సన్నని తీగ మందము 0.254 మిల్లీమీటరు, శ్రుతి సెకనుకు 329.6 కంపనములు. ఉక్కు సాంద్రతను ఘనపు మీటరుకు 7,850 కిలోగ్రాములుగా గ్రహించినచో ఈ తీగ తన్యత సుమారు 73 న్యూటన్లు, అనగా ఏడుంబాతిక కిలోగ్రాముల బరువునకు కొంచెము ఎక్కువ. ఈ రకపు తీగలు ఆరును కలిసి సుమారు 47 కిలోగ్రాముల బరువుతో లాగును. ఒక బాలుని బరువంత బలము రాత్రింబవళ్లు ఆ సన్నని కొయ్యపై పనిచేయుచున్నదన్నమాట!

గిబ్సను గిటార్లలో తీగ పొడవు సుమారు 628 మిల్లీమీటర్లు మాత్రమే. అవే తీగలను అదే శ్రుతికి బిగించినను, తన్యత పొడవు వర్గముతో మారును గనుక, ఇక్కడ సుమారు నూటికి ఆరు పాళ్లు తగ్గును. అందుచేతనే ఈ గిటారుపై తీగలు వ్రేళ్లకు మెత్తగా తోచును.

విద్యుత్ గిటారు ప్రత్యేకత

మామూలు గిటారులో నాదమును పెంచునది బోలుగానున్న పెట్టె. విద్యుత్ గిటారులో ఆ పనికి పెట్టె అవసరము లేదు. తీగల క్రింద అయస్కాంతము, దానిచుట్టు సన్నని రాగితీగ చుట్ట ఉండును. ఉక్కు తీగ కంపించినపుడు అయస్కాంత అభివాహము మారి, ఫారడే 1831లో కనుగొనిన నియమము ప్రకారము చుట్టలో విద్యుత్తు పుట్టును. దానిని ఆంప్లిఫయరు పెంచి లౌడ్ స్పీకరునకు పంపును. ఇట్టి గిటారును అమెరికాలో జార్జి బోషాం 1931లో రూపొందింపగా, మరుసటి యేట రికెన్‌బాకరు సంస్థ అమ్మకమునకు తెచ్చెను.

నాదమును పెంచు భారము విద్యుత్తుది గనుక తీగను గట్టిగా మీటనక్కరలేదు. తీగలు ఫలకమునకు చాల దగ్గరగా ఉండవచ్చును. వాదకుని చేయి వేగముగా కదలుటకు మెడ సన్నగా ఉండవలెను. అయితే మెడ సన్ననైన కొలది త్వరగా వంగును; తీగలు దగ్గరైన కొలది ఆ వంపు ఎక్కువగా బాధించును. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

వంపును సరిదిద్దు ఉపాయము

పలుచని చెక్క స్కేలు రెండు కొనలకు దారము కట్టి బిగించినచో స్కేలు విల్లువలె వంగును. గిటారు మెడయు ఇట్లే తీగలవైపునకు వంగజూచును. వీణలో ఇత్తడి మెట్లను మైనపు కట్టుపై నిలుపుదురు. వాటి ఎత్తులలో తేడా వచ్చినపుడు మైనమును కరగించి మరల అమర్చవచ్చును. గిటారు మెట్లను కొయ్యలో గాడులు కోసి దిగగొట్టుదురు. వాటిని ఊరక కదల్ప వీలులేదు, మెడనే సరిచేయవలెను.

గిబ్సను సంస్థలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ ఇందుకు సవరింపదగిన కడ్డీని కల్పించి, 1923లో పేటెంటు పొందెను. ఫెండరు సంస్థ 1950లో చేసిన మొదటి గిటార్లు కొన్నిటిలో కడ్డీ లేకుండెను; కొలదికాలములోనే దానిని చేర్చవలసి వచ్చెను.

కడ్డీ నడిమి భాగము మెడ వీపునకు దగ్గరగా ఉండునట్లు వంపుగల కాలువలో దానిని అమర్చుదురు. ఒక కొన స్థిరము. రెండవ కొనకు మర ఉండును. మరను బిగించినపుడు కడ్డీ తిన్నబడజూచుచు మెడ నడుమను పైకి నెట్టును. తీగలు ఒకవైపునకు వంచగా కడ్డీ రెండవ వైపునకు వంచును. రెండు బలములకు సమతౌల్యము కుదిరినచోట మెడ నిలుచును. నేటి గిటార్లు కొన్నిటిలో మెడను రెండు దిశలలోను వంపగల జంట కడ్డీలు కూడ ఉన్నవి.

తిన్ననిది మేలు కాదా?

మెడ పూర్తిగా తిన్నగా ఉండుటయే మేలని తోచవచ్చును. కాని కంపించు తీగ కొనలవద్ద కదలక, నడుమ ఎక్కువగా ఊగును. ఆ ఊపునకు చోటు లేనిచో తీగ మెట్లకు తగిలి గరగర ధ్వని చేయును. కావున మెడలో అతిస్వల్పమైన పల్లము ఉంచుదురు. తీగను మొదటి మెట్టువద్దను, చివరి మెట్టువద్దను నొక్కిపట్టి, ఎనిమిదవ మెట్టుపై గల సందును కొలువవలెను. సాధారణముగా అది 0.2 నుండి 0.3 మిల్లీమీటరు వరకు ఉండును. విడిగా నున్న సన్నని తీగ ముక్క మందము సుమారు 0.25 మిల్లీమీటరు గనుక అదే కొలబద్దగా పనికివచ్చును.

మృదువుగా, వేగముగా వాయించువారు పల్లము తక్కువగా కోరుదురు; గట్టిగా మీటువారు ఎక్కువ కోరుదురు. ఒకరికి సరిపోయినది వేరొకరికి సరిపడకపోవచ్చును.

సవరించునపుడు

ముందుగా తీగలను శ్రుతి చేసి, పిమ్మట సందును కొలువవలెను. మరను గడియారపు ముల్లు తిరుగు దిశలో త్రిప్పిన పల్లము తగ్గును. ఎదురు దిశలో త్రిప్పిన హెచ్చును. ఒక్కసారి పావు చుట్టుకంటె మించరాదు. త్రిప్పిన పిదప మరల శ్రుతి చేసి మరల కొలువవలెను. మర గట్టిగా ఎదురాడినచో బలవంతము చేయరాదు. కడ్డీ తెగిన మెడ పాడగును. తీగల ఎత్తును తగ్గించుటకు కడ్డీని త్రిప్పుట పెద్ద పొరపాటు. ఎత్తును సవరించుటకు బ్రిడ్జివద్ద వేరే మరలు కలవు.

మర ఎక్కడ ఉండవలెనను విషయములోను అభిరుచులు వేరు. 1954 నాటి ఫెండరు స్ట్రాటోకాస్టరులో అది మెడ అడుగున ఉండుటచే సవరింపునకు మెడను వదులు చేయవలసి యుండెను. గిబ్సను గిటార్లలో అది తలవద్ద చిన్న మూత క్రింద ఉండును. ఇది అందుబాటులో ఉండును గాని, అచ్చట కొయ్యను తొలచుటచే మెడ కొంత బలహీనపడును. కొన్ని గిటార్లలో మెడ అడుగున బయటకు కనబడు చిన్న చక్రము నమర్చి ఈ రెండు చిక్కులను తప్పించిరి.

ఒకసారి సరిచేసిన పని శాశ్వతము కాదు. కొయ్య గాలిలోని తేమను పీల్చుచు, విడచుచు ఉండుటచే వంపు ఋతువులతో మారును. 47 కిలోగ్రాముల తీగలు తీసి పలుచని తీగలు కట్టినచో మొత్తము లాగుడు సుమారు 38 కిలోగ్రాములకు దిగును. కడ్డీ బలము మాత్రము అట్లే యుండి మెడను వెనుకకు వంచును. ఒక బలము మారినపుడు రెండవదానిని కూడ మార్చిననే సమతౌల్యము నిలుచును. పాఠ్యపుస్తకములోని ఈ నియమమును గిటారు వాయించువాడు పావు చుట్టు మరతో ఆచరణలో పెట్టుచున్నాడు.