వైఫైకి దేశం ఎలా తెలుస్తుంది?

మీ తాతగారు కడప ఆకాశవాణి వినడానికి రేడియో ముల్లును 900 కిలోహెర్ట్జ్ దగ్గర నిలిపేవారు. చేలకు గట్లున్నట్లే రేడియో తరంగాలకూ హద్దులుంటాయి. గట్టు దాటితే పొరుగువారి మాటకు అడ్డు తగులుతాం.

వైఫైకీ అంతే. 2.4 గిగాహెర్ట్జ్ వద్ద మన దేశంలో 13 ఛానళ్లు వాడవచ్చు. అమెరికాలో సాధారణంగా 11. అందుకే అక్కడినుంచి మీ మామయ్య తెచ్చిన కంప్యూటరుకు కర్నూలులో 13వ ఛానలు కనబడకపోవచ్చు. చెడిపోయిందనుకోకండి!

వైఫై భాగాన్ని నడిపే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. ఏ దేశంలో ఏ ఛానలు, ఎంత శక్తి అన్న పట్టికను అది చూసుకుంటుంది. రౌటరు పంపే సంకేతంలో దేశం గుర్తు కూడా ఉండవచ్చు, భారతదేశానిది 'ఐఎన్'. తయారీలో పెట్టిన నియమమూ, ఈ దేశపు నియమమూ రెండూ ఒప్పుకొన్న ఛానళ్లనే సాధారణంగా వాడుతుంది. దేశం తెలియకపోతే? సందేహమున్న ఛానళ్లలో తాను పలకకుండా ముందు వింటుంది. కొత్త ఊళ్లో మనం చేయవలసిందీ అదే కదూ!